పదిహేడో మీటరు

దివాకరాన్ని నేను క్షమించలేదు, క్షమించను కూడా. ఈ సంగతి మొదటే చెప్పేస్తే మీకూ నాకూ మొహమాటం ఉండదు. పోనీలెమ్మని నచ్చజెప్పడానికి మా ఇంటికి రోజూ ఎవరో ఒకరు వస్తున్నారు. వాళ్లకు కాఫీ ఇచ్చి, రెండు కబుర్లు చెప్పి పంపిస్తున్నాను. వాళ్ల తమ్ముళ్లు బతికే ఉన్నారు కాబట్టి ఎన్ని నీతులైనా చెబుతారు.

నా పేరు వకుళ. బందరులో ఓ పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటూ ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. నేనూ మా తమ్ముడు గిరిధరూ హ్యామ్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లం. అంటే ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని, డాబా మీద యాంటెన్నా నిలబెట్టి, ఫోన్ల అవసరం లేకుండా ఎక్కడెక్కడివాళ్లతోనో మాట్లాడుతూ కూర్చునే పిచ్చివాళ్లం. మా పిచ్చికి విలువ వచ్చేది తుఫాను రోజుల్లోనే. పదకొండేళ్ల కిందట పెద్ద తుఫాను వస్తోందనగానే మా రేడియో క్లబ్బు వాళ్లు ఒడ్డు పొడుగునా తలో పల్లెకూ వెళ్లారు. గిరిధర్ చిన్న సెట్టూ బ్యాటరీ సంచిలో వేసుకుని కొత్తమొగ అనే చేపలపల్లెకు వెళ్లాడు. వాళ్లందరి మాటా విని అధికారులకు అందించే కంట్రోల్ స్టేషనుగా మా ఇంటిని ఎంచుకున్నారు. మాదే అందరికన్నా ఎత్తు యాంటెన్నా.

తుఫాను తాకిన రోజు మధ్యాహ్నం పన్నెండు దాటాక నా సెట్టు మూగబోయింది. మీటరు ముల్లు ఎర్రగీత దాటి అక్కడే నిలబడిపోయింది. నేను పంపే పవరు యాంటెన్నా దాకా వెళ్లకుండా దారిలోనే దేనికో తగిలి వెనక్కి వస్తోందని అర్థం. సెట్టు వెనకాల ఉన్న కనెక్టరు కోసి కొత్తది వేశాను. ముల్లు కదల్లేదు. మెట్ల దగ్గర కిటికీలోంచి చూస్తే యాంటెన్నా నిటారుగానే కనిపిస్తోంది. డాబా మీదికి వెళ్దామంటే గాలికి తలుపు తెరుచుకోలేదు. ఇక చేసేదేమీ లేక మైకు పట్టుకుని ఐదు గంటలపాటు గిరిధర్‌ని పిలుస్తూ కూర్చున్నాను. ఆ ఐదు గంటల్లోనే ఉప్పెన కొత్తమొగను ఊడ్చుకుపోయింది. మా తమ్ముడితో కలిపి పంతొమ్మిది మంది పోయారు. రెండు కిలోమీటర్ల దూరంలో తుఫాను షెల్టరు ఉంది. వాళ్లంతా అక్కడికి వెళ్లకుండా ఊరి బడిలోనే ఎందుకు ఉండిపోయారో ఎవరికీ అంతుబట్టలేదు.

నాలుగో రోజున క్లబ్బు తరఫున విచారణకు వచ్చారు. కార్యదర్శి దివాకరమే ముందు నడిచాడు. కేబుల్లో తప్పు పట్టుకోవడంలో ఆయన్ని మించినవాడు జిల్లాలో లేడని పేరు. డాబా ఎక్కి, యాంటెన్నా మొదట్లో నేను వేసిన జాయింటు కోసి, అందరికీ చేతికిచ్చి చూపించాడు. లోపల రాగి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది.

"టేపు పైనుంచి కిందికి చుట్టారు వకుళగారూ" అన్నాడు మెత్తగా. "కిందినుంచి పైకి చుట్టుకొస్తే పెంకుల్లాగా ఒకదాని మీదొకటి కూర్చుంటుంది. ఇలా చుడితే వాన నీళ్లన్నీ లోపలికే దిగుతాయి. మీకు తెలీందేముంది."

నిజమే, తుఫాను ముందు హడావుడిలో పైనుంచే చుట్టాను. తల వంచుకున్నాను. ఆయన అక్కడితో ఆగినా బాగుండేది. మనిషన్నాక అలసిపోయి ఓ కునుకు తీస్తారు, సెట్టు దగ్గర లేనంత మాత్రాన ఆవిణ్ణి ఎవరూ ఏమీ అనకూడదు అని మెట్లు దిగుతూ అందరికీ చెప్పాడు. నేను కునుకు తీశానని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఆ దయామయుడి మాటతో ఊరంతటికీ తెలిసిపోయింది.

మా రేడియో వాళ్లలో ఒక జబ్బుంది. ఎక్కడో ఒక తప్పు దొరికిందంటే చాలు, మీటరు పెట్టెలో పెట్టేస్తాం. వెతుకుతున్నది దొరికిందన్న సంతోషంలో ఇంకోటి కూడా ఉందేమోనని చూడబుద్ధి కాదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఏ జాయింటు కోసినా ఎంతో కొంత చిలుము ఉంటుందని మా అందరికీ తెలుసు. అయినా మిగతా నలభై మీటర్ల కేబుల్‌కి ఎవరూ మీటరు ఆనించలేదు. అన్నేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్న నేనూ ఆనించలేదు. సిగ్గుతో ఆ కేబుల్‌ని చుట్ట చుట్టి అటక ఎక్కించాను.

గిరిధర్ భార్య సుభాషిణి పెద్దకర్మ నాడు నా మొహం మీదే తలుపు వేసింది. కూతురు ఊర్మిళకి అప్పుడు పన్నెండేళ్లు. ఆ పిల్లకు రేడియో నేర్పి, పరీక్షకు కూర్చోబెట్టి లైసెన్సు ఇప్పించింది దివాకరం. బాబాయ్ బాబాయ్ అంటూ ఆయన వెనకే పెరిగింది. ఇప్పుడు క్లబ్బులో కొత్తవాళ్లకు క్లాసులు చెప్పేది ఆ అమ్మాయే. బజార్లో నేను ఎదురైతే అవతలి వైపుకి దాటిపోయేది.

రిటైరయ్యాక పొద్దుపోక నేనొక పెట్టె తయారుచేశాను. కేబుల్లోకి ఒక చిన్న కరెంటు తట్టు పంపిస్తే, అది తెగినచోటో ముడిపడ్డచోటో తగిలి తిరిగొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో లెక్క కడితే తప్పు ఎన్నో మీటరు దగ్గరుందో తెలుస్తుంది. ఇందులో కొత్తేమీ లేదు, ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి. నేను చేసిందల్లా ఆ తట్టుని మరీ సన్నగా, మరీ పదునుగా చేయడం. మా వీధి కేబుల్ టీవీ కుర్రాళ్లు పారేసిన పాత తీగ ముక్కల మీద పరీక్షిస్తుంటే, తిరిగొచ్చిన తట్టు వెనకాల సన్నటి తోక ఒకటి కనిపించింది. ఏదో చెత్త కరెంటు అనుకుని వారం రోజులు దాన్ని వదిలించుకోవాలని చూశాను. ఆ తోక పోలేదు. విసుగొచ్చి, దాన్ని నెమ్మది చేసి స్పీకరుకి ఇచ్చాను.

ఒకావిడ గొంతు, గుత్తి వంకాయలో ఉప్పు సరిపడా వేసుకోవాలని చెప్పింది.

 టీవీలో వచ్చే ఆ వంటల కార్యక్రమం ఆగిపోయి ఎన్నేళ్లయిందో. మళ్లీ తట్టు పంపితే ఏమీ రాలేదు. ఆ చోట తీగ విప్పి చూస్తే చిలుము నల్లగా కాలిపోయి ఉంది. ఇంకో పదిహేను ముక్కలు తగలేశాక సంగతి బోధపడింది. నీళ్లు దిగి చిలుము పట్టిన చోట, దారిలేక ఆగిపోయిన సిగ్నలు ఆ చిలుము మీద మరక వేస్తుంది. మరక మీద మరక, పొర మీద పొర. నా పెట్టె అడుగు పొర నుంచి ఒక్కొక్కటే చదువుకుంటూ వస్తుంది, చదివినదాన్ని చదివినట్టే కాల్చేస్తుంది. గంటల తరబడి సాగిన మాటల్లో గట్టిగా తగిలినవి ఏ నాలుగైదు నిమిషాలో మిగులుతాయి. ఒక్కసారి వినొచ్చు. రెండోసారి లేదు.

అప్పుడు అటక వైపు చూశాను. చూసి, రెండు నెలలు అటు పోకుండా తిరిగాను. ఆఖరికి ఓ ఉదయం స్టూలు వేసుకుని చుట్ట దించాను. చదివే తట్టు కాకుండా, దూరం చెప్పే మామూలు తట్టే పంపించాను. నా జాయింటు నలభయ్యో మీటరు దగ్గర ఉండేది. పెట్టె మాత్రం పదిహేడో మీటరు దగ్గర అడ్డం ఉందని చూపించింది.

పదిహేడు మీటర్లు టేపుతో కొలిచి, బ్లేడుతో పైతోలు కోశాను. లోపల ఒక గుండుసూది ఉంది. చుట్టూ ఉన్న జాలీలోంచి మధ్య తీగకి వెంట్రుకవాసి దూరం దాకా నిలువుగా గుచ్చి, పైకి కనబడకుండా తలని కటింగ్ ప్లేయరుతో కత్తిరించారు. పైతోలు మీద దోమ కుట్టినంత చిల్లు ఉంది, తుఫాను వాన నీళ్లు దాంట్లోంచి దిగాకే సూదీ తీగా కలిసిపోయి సెట్టు ఆగింది. దాని చుట్టూ చిలుము దట్టంగా పట్టి ఉంది.

పదిహేడో మీటరంటే మా మెట్ల కిటికీ పక్కన. తుఫానుకి ముందురోజు నేను కాక ఆ మెట్లెక్కింది ఒక్క దివాకరమే. కంట్రోల్ స్టేషను తన ఇంట్లో పెట్టమని అడిగితే అధికారులు కుదరదన్నారని, అయినా తనకేం బాధ లేదని చెప్పి, లైను ఒకసారి చూసిపెడతానని వచ్చాడు. ఆయన మెట్ల మీద ఉన్నంతసేపూ నేను వంటింట్లో ఆయనకే కాఫీ కలుపుతున్నాను. ఆ కాఫీ గుర్తొచ్చి ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. పదకొండేళ్లు నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నానని ఏడ్చాను. ఆ ఏడుపంతా ఒక్క పూటలో కోపమైపోయింది. చెప్పడానికి సిగ్గుపడను, ఆ కోపం నాకు ప్రాణం పోసింది.

కేబుల్ పట్టుకుని క్లబ్బుకి వెళ్లాను. ఊర్మిళ క్లాసు ముగించి బోర్డు తుడుస్తోంది. సూది చూపించి జరిగింది చెప్పాను. చాలాసేపు దాన్ని చూసింది. అచ్చం గిరిధర్ లాగానే, ఏదన్నా పరీక్షగా చూసేటప్పుడు కింది పెదవి పంటితో నొక్కుతుంది.

"పదకొండేళ్లు నీ అటక మీదే ఉంది కదా కేబులు. ఈ సూది నువ్వే గుచ్చలేదని ఎవరు నమ్ముతారత్తా?" అంది.

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. కానీ అడగవలసిన ప్రశ్నే అడిగింది. సూది ఎవరైనా గుచ్చొచ్చు, దాని మీది చిలుమును మాత్రం ఎవరూ తయారుచేయలేరని చెప్పాను. సూదికి అటువైపు యాంటెన్నా, ఇటువైపు నా సెట్టు. ఆ రోజు బయటినుంచి వచ్చిన ప్రతి మాటా దాని దగ్గరే ఆగిపోయింది. అంటే వాళ్ల నాన్న మాటలు అక్కడ ఉన్నాయి. నేనింకా వినలేదు, వింటే కాలిపోతాయి. తన దగ్గరున్న పాత ముక్క మీద నా పెట్టె పెట్టి చూపించాను. ఎవరో హనుమాన్ జంక్షన్ నుంచి వాతావరణం బాగుందని చెప్పారు. ఊర్మిళ పెట్టె దగ్గరికి బెంచీ లాక్కుంది.

నెమ్మదిగా అంది. "నాన్న గొంతు నాకు గుర్తు లేదు. ఎంత ప్రయత్నించినా రాదు. మా ఇంటికి తీసుకురా అత్తా. అమ్మా నేనూ నువ్వూ, తలుపులేసుకుని మన ముగ్గురమే విందాం. తర్వాతి సంగతి తర్వాత."

పదకొండేళ్ల తర్వాత ఆ పిల్ల నన్ను ఇంటికి రమ్మంది. నేను ఒప్పుకోలేదు. ముగ్గురం విన్నాక చేతిలో ఏం మిగులుతుందని అడిగాను. రికార్డు చేసి చూపిస్తే, ఫోన్లో ఎవరి గొంతైనా పుట్టించే రోజులివి, నవ్వి పారేస్తారు. కేబుల్లోంచి నేరుగా, అందరి ఎదుటా, మొదటిసారి వినపడితేనే సాక్ష్యం. పైగా నాకు దివాకరం మొహం చూడాలని ఉంది. అది పాలిపోవడం చూడాలని ఉంది. ఈ ఆఖరి మాట పైకి అనలేదు కానీ ఊర్మిళకి అర్థమైందనుకుంటాను.

"సరే. అయితే పెట్టె నేను విప్పి చూస్తాను. లోపల ఏదన్నా దాచి ఉంటే అందరి ముందే చెప్పేస్తా" అంది.

క్లబ్బు వార్షిక సభ ఆ నెలాఖరు ఆదివారం ఉదయం. కొత్తగా కట్టిన టవరుకు దివాకరం పేరు పెడుతున్నారు, తుఫానులో ఆయన చేసిన సేవకి. నేను సంచి పట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను. శాలువా కప్పి దండ వేశాక లేచి, గిరిధర్ పనిచేసిన ఆఖరి రోజు తాలూకు మాటలు నా దగ్గరున్నాయి, సభకు వినిపిస్తానన్నాను. హాల్లో గుసగుసలు. దివాకరం మాత్రం తొణకలేదు. పాపం తమ్ముడి బెంగతో ఆవిడ అలా అయిపోయారు, వినిపించనివ్వండని మైకులోనే చెప్పాడు. పెట్టె పనిచేస్తుందని ఆయన నమ్మలేదు. నమ్మి ఉంటే ఆ దయ కురిపించేవాడు కాదు.

ఊర్మిళ వేదిక ఎక్కి పెట్టె మూత తీసింది. లోపల మెమరీ లేదు, రికార్డరు లేదు, బయటికి వేరే తీగ లేదు, ఉన్నదల్లా తట్టు పంపే బోర్డూ ఒక స్పీకరూ అని సభకు చెప్పింది. కేబుల్ తనే తగిలించింది. నేను స్విచ్ నొక్కాను.

ముందు వచ్చింది నా గొంతే. "గిరీ, అక్కని. వినపడుతుంటే పలకరా." మళ్లీ అదే. మళ్లీ అదే. కునుకు తీసిన మనిషి గొంతు ఎలా ఉంటుందో సభలో ఉన్నవాళ్లంతా విన్నారు. దాని వెంటనే, నేను పదకొండేళ్లుగా వినని గొంతు వచ్చింది. "అక్కా, కొత్తమొగ నుంచి గిరిని. నీళ్లు బడి మెట్ల దాకా వచ్చాయి." తర్వాత నేను, తర్వాత వాడు. ఇద్దరం ఒకే సూదికి చెరోవైపు తగిలి ఆగిపోయాం. మాలో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పడం లేదు, అయినా వింటుంటే మాట్లాడుకుంటున్నట్టే ఉంది. ఊర్మిళ నా వైపు చూసింది. ఆ చూపు కోసం నేను ఏమైనా ఇచ్చేదాన్ని.

అప్పుడు మూడో గొంతు వచ్చింది.

"గిరిధర్, దివాకరాన్ని. కంట్రోలు ఇప్పుడు నా దగ్గరుంది. మీ అక్క సెట్టు వదిలేసి వెళ్లిపోయింది. చెప్పండి, ఓవర్."

షెల్టరుకి ఇంకా దారి ఉంది, ఇప్పుడే నడిపించుకుపోతే అందరం చేరతాం, ఏం చేయమంటారని గిరిధర్ అడిగాడు.

"వద్దు. పడవలు బయల్దేరాయి. మీరెవరూ బడి వదిలి కదలకండి. ఓవర్."

ఆ రోజు కొత్తమొగకు ఒక్క పడవ కూడా బయల్దేరలేదు. కొత్తమొగ నుంచి తనకు ఒక్క మాట కూడా వినపడలేదని దివాకరం విచారణలో రాసిచ్చిన కాగితం క్లబ్బు ఫైల్లో ఇప్పటికీ ఉంది.

హాలు ఒక్కసారిగా లేచింది. కుర్చీలు పడ్డాయి. నేను వేదిక వైపు తిరిగాను. దివాకరం మొహంలో నెత్తురు దిగిపోవడం కళ్లారా చూశాను.  ఎవరో ఆయన భుజం మీది శాలువా లాగేశారు. విన్నారా, విన్నారా అని నేను గొంతు చించుకుని అరుస్తూనే ఉన్నాను. పదకొండేళ్ల అరుపు అది, ఎందుకు ఆపుకుంటాను. ఎంతసేపు అరిచానో తెలియదు. వెనక్కి తిరిగి చూస్తే ఊర్మిళ వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని స్పీకరుకి చెవి ఆనించి ఉంది. పెట్టెలోంచి కాలిన వాసన వస్తోంది. స్పీకరు ఆగిపోయింది.

తర్వాత జరగవలసినవన్నీ జరిగాయి. దివాకరం పోలీసులకు తనే చెప్పుకున్నాడు. ఒక్క పూట నా సెట్టు పడిపోతే కంట్రోలు తన దగ్గరికి వస్తుందనుకున్నాడట, తుఫాను ఇంత తీవ్రంగా వస్తుందని అనుకోలేదట. గిరిధర్ పిలిచేసరికి అధికారుల ఫోను పోయిందట. కంట్రోల్ స్టేషను అయివుండి చేతకాదని చెప్పలేక పడవలు వస్తున్నాయనేశాడట. కాసేపట్లో ఫోను కలుస్తుందనుకున్నాడట. అట, అట, అట. కేసు పెట్టారు, లైసెన్సు తీసేశారు, టవరు మీద పేరు చెరిపేశారు. కొత్తమొగ వాళ్లు ఆయన ఇంటి ముందు మూడు రోజులు కూర్చున్నారు. నాకు హాయిగా ఉంది. ఈ మాట అన్నందుకు నన్ను ఎవరేమనుకున్నా ఫరవాలేదు. ఆ మూడు రోజులూ కడుపునిండా తిని నిద్రపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం ఊర్మిళ మా ఇంటికి వచ్చింది. తుఫాను తర్వాత మా గడప తొక్కడం అదే. కళ్లు వాచి ఉన్నాయి. చేతిలో ల్యాప్‌టాప్ ఉంది. సభలో ఫోన్లు పైకెత్తి వీడియో తీసుకున్నవాళ్లు ఇరవై ముగ్గురట, అందరి ఇళ్లకూ తిరిగి అన్నీ తెచ్చుకుంది. మూడు రోజులు కూర్చుని రొద తీసేయడానికి చూసిందట. అన్నం పెడతానంటే ముందు ఇది విను అంది.

ఒక ఫోనులోది పెట్టింది. పడవలు బయల్దేరాయన్న దివాకరం మాట, కుర్చీల చప్పుడు, జనం అరుపులు. వాటి కింద ఎక్కడో గిరిధర్ గొంతు. "అక్కా, నువ్వు ఎక్కడికీ పోయుండవు, నాకు తెలుసు. వింటూనే ఉంటావు. ఊర్మిళతో చెప్పు..." ఆ పైన వాడి గొంతు వినపడలేదు. నా గొంతే ఉంది. విన్నారా, విన్నారా, విన్నారా.

ఇంకో ఫోను పెట్టింది. ఇంకోటి. ఇరవై మూడింట్లోనూ అంతే. తను స్పీకరుకి చెవి పెట్టినా, తన పేరు తర్వాతి మాటలు నా అరుపులోనే కలిసిపోయాయని చెప్పింది. నిష్ఠూరంగా అనలేదు. కేబుల్లో తప్పు ఎక్కడుందో చెప్పేటప్పటి గొంతుతో చెప్పింది.

"నాన్న చెప్పమన్నది నీకు కదా. పెట్టె పక్కనే నిలబడ్డావు. ఏం చెప్పమన్నాడత్తా?" అంది.

ఏదో ఒకటి అల్లొచ్చు. అమ్మని బాగా చూసుకోమన్నాడనో, బాగా చదువుకోమన్నాడనో అంటే ఆ పిల్ల నమ్మేది. ఏడ్చి, నా ఒళ్లో పడుకునేది. నోటిదాకా వచ్చింది కూడా.

నేను వినలేదమ్మా అన్నాను. వాడు చెబుతున్నప్పుడు దివాకరం మొహం చూస్తున్నానని కూడా చెప్పాను.